కంబన్న తెరవని కళ్ళు

శివలీలకు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. కడపలో కొత్తగా పెడుతున్న చిత్రశాల వాళ్ళ కారు డోన్ దాటిందని ఫోన్ వచ్చింది. ఇంకో గంటలో ముత్తాత కంబన్న గీసిన బొమ్మను తీసుకుపోవడానికి వస్తారు. ఆమె వాకిట్లోకి పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. చేసిన పని అలాంటిది మరి.

ఆ బొమ్మ మందపాటి పాత కాగితం మీద, దీపపు మసితో చేసిన సిరాతో గీసింది. సీతను ఎత్తుకుపోతున్న రావణుడికి జటాయువు అడ్డం తిరిగిన ఘట్టం. రెక్కల్లో ఈకలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కళ్ళు మాత్రం లేవు. జాతర పటాలు గీసే ఆ ఇంట్లో కళ్ళు చివరన గీస్తారు; దాన్నే కళ్ళు తెరవడం అంటారు. తలంటి పోసుకుని, పరగడుపున, ఇంటి పెద్ద మగవాడే తెరవాలి. కంబన్న ఆ రోజు రాకముందే పోయాడు. ఆయన గీతలో చెయ్యి పెట్టే ధైర్యం తర్వాత ఎవరికీ లేకపోయింది.

ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి పటాలన్నీ శివలీలే గీస్తోంది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి పెదనాయన ఉరుకుందప్ప కుంచె లాక్కుంటాడు. ఆయన చెయ్యి వణికి దేవుళ్ళకు మెల్లకన్ను వచ్చినా సరే, ఆచారం నిలబడాలట! ఆ కడుపుమంటతోనే ఈ రోజు తెల్లవారుతూండగా తలంటుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, శివలీల జటాయువుకూ సీతకూ కళ్ళు తెరిచింది. రావణుడి ఇరవై కళ్ళూ వదల్లేదు.

చిత్రశాల పెద్ద స్వర్ణలత కారు దిగి లోపలికి వచ్చి, అంతవరకూ విన్నదే తప్ప చూడని ఆ బొమ్మ మీదికి వంగి చాలాసేపు చూసింది.

"పనితనమంతా ఈ కళ్ళల్లోనే ఉందండీ. తను చావబోతున్నానని జటాయువుకు తెలుసు, అయినా చూపు దించలేదు. ఇవి కంబన్నగారు గీసినవేనా?"

ఉరుకుందప్ప ఆ రోజు అప్పుడే బొమ్మ వైపు చూశాడు.

"మా జేజినాయన చెయ్యేనమ్మా."

స్వర్ణలత కాగితం తీసి చిత్రకారుడి పేరు రాయబోయింది. ఊరుకుంటే బొమ్మ కడపకు పోతుంది, వంశానికి పేరొస్తుంది. శివలీల ఒకతి ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ కండ్లు నేను తెరిచినా మేడం. ఈ పొద్దే."

స్వర్ణలత నమ్మలేదు. శివలీల చిత్తుకాగితం మీద అదే కన్ను గీసి చూపించింది. అప్పుడు నమ్మింది.

"అయ్యో, పాత బొమ్మను పాడుచేశారు కదమ్మా! ఇంక మేం తీసుకోలేం," అని నొచ్చుకుంటూ బయటికి నడిచింది.

శివలీల పెదనాయన తిట్లకు సిద్ధపడి గోడకు ఆనుకుంది. తిట్లు రాలేదు.

"నన్ను కాపాడేకి అబద్ధం చెప్తివా పెదనాయనా?"

"అబద్ధం యాడ చెప్పినా?" ముసలాయన బొమ్మ మీది నుంచి చూపు తిప్పలేదు. "అరవై ఏండ్లుగా చూస్తాండా దీన్ని. కండ్లు లేవని నాకు తెల్దా? అయినా ఈ పొద్దు చూస్తానే, జేజినాయనే వచ్చి తెరిచిపోయినాడనుకున్యా. నీ చెయ్యి అంత గొప్పగుండాది."

ఈ మాట కోసమే ఆమె ఇన్నేళ్ళూ కాచుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది, ఏడుస్తూనే కోపమూ వచ్చింది.

"నాకెందుకు చెప్తాండావు? ఆమెకు చెప్పు. కారు ఇంకా సందులోనే తిప్పుకుంటాండారు."

ఉరుకుందప్ప చెప్పులైనా తొడుక్కోకుండా, "అమ్మా, నిలబెట్టండి!" అని కేకేస్తూ వీధిలోకి పోయాడు.