ఏడున్నరకు దూకాలి

సాయంత్రం అయిదింటికి ఆ అమ్మాయి లాంగ్‌జంప్ దూకితే చూసేవాళ్లు నోళ్లు తెరిచేవాళ్లు. పొద్దున ఏడింటికి దూకమంటే మాత్రం కాళ్లు మొరాయించేవి. ఎంత లేదన్నా జానెడు తక్కువ పడేది. పగలంతా బట్టల కొట్లో నిలబడే ఉద్యోగం కాబట్టి ఆమె సాధనంతా సాయంత్రాలే.

ఈసారి జిల్లా పోటీల ఫైనల్స్ ఉదయం ఏడున్నరకు పెట్టారు. ఆ సంగతి తెలిసిన పూట ఆమెకు ముద్ద దిగలేదు.

వదిన కాన్పుల వార్డులో నర్సు. "దీనికేనా ఆ మొహం?" అంది. "తెల్లారేసరికి ఎవరి ఒళ్లయినా కాస్త చల్లగానే ఉంటుంది. సాయంత్రానికి వేడెక్కుతుంది. రోజూ చూస్తూనే ఉంటాగా! వార్మప్ ఎంతసేపు చేస్తావు?"

"పది నిమిషాలు. ఎప్పుడైనా అంతే."

"సాయంత్రానికి సరిపోతుందేమోగానీ పొద్దుటికి చాలదే. చూద్దాం పద."

మర్నాటి నుంచి వదిన నైట్ డ్యూటీ దిగి నేరుగా మైదానానికే వచ్చేది. ఒకరోజు పదిహేను నిమిషాల వార్మప్, ఒకరోజు ఇరవై అయిదు, ఒకరోజు నలభై. టేపు పట్టి కొలిచి మందుల చీటీ వెనక రాసుకునేది. నలభై నిమిషాల రోజున మరదలు ఇసుకలో చతికిలబడింది.

"ఉన్న ఓపికంతా ముందే ఊడ్చేశావు, ఇక దూకేదేముంది!" వదిన పగలబడి నవ్వింది.

మూడు వారాలకు తేలింది. ఈ పిల్లకి పొద్దుటి పూట ఇరవై అయిదు నిమిషాలు కావాలి. ఆ పైన స్వెటర్ విప్పకుండా అయిదు నిమిషాలు కూర్చోవాలి.

పోటీ రోజున కోచ్ కంగారుపడ్డాడు. "ఇంతసేపా? అలసిపోతావమ్మా!"

"అలసిపోదు సార్, కొలిచి చూశాం," అంది వదిన, వాచీ మీంచి కళ్లు తిప్పకుండా.

మూడో జంప్‌లో ఆమె తన సాయంత్రపు దూరాన్ని రెండు వేళ్లు దాటింది. మొదటి బహుమతి వేరే అమ్మాయిది, ఆమెకు మూడోదే. అయినా పొద్దుటి పోటీలో ఆమె మెళ్లో పతకం పడడం అదే మొదలు.

"వదినా, నీకెలా చెప్పాలో..."

"ఏమీ చెప్పకు తల్లీ, కాసేపు పడుకోనీ."

తిరుగు బస్సులో వదిన ఆమె భుజం మీద వాలి నిద్రపోయింది. కళ్ల కింద నల్లటి చారలు. ఈ మూడు వారాల్లో 'నీకు నిద్ర వద్దా?' అని ఒక్కసారైనా అడిగానా అనుకునేసరికి మరదలి కళ్లు చెమ్మగిల్లాయి.

వాళ్ల స్టాపు వచ్చింది. కండక్టర్ కేకేశాడు. ఆమె భుజం కదపకుండా చెయ్యి మాత్రం ఎత్తి, చివరి స్టాపుకి రెండు టికెట్లిమ్మని సైగ చేసింది.