పేరు మారిన ఫోల్డరు

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు తిరగడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మృదుల పాఠాలు చెప్పే కంప్యూటర్ కోచింగ్ సెంటరూ మూతపడింది. ఎల్బీ నగర్‌లో అద్దెకుంటున్న ఇంటి మేడ మీద ఆమె బట్టలు ఆరేస్తుంటే, ఇంటి యజమాని జనార్ధన్ మెట్లెక్కి వచ్చాడు.

"మృదులమ్మా, లచ్చమ్మ గొంతు పోయింది. జర చూస్తవా?"

రిటైర్డ్ టీచరైన జనార్ధన్, కాలనీలుగా మారిపోయిన చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ల మాటలు రికార్డు చేసేవాడు. వాళ్లలో ఒకరైన లచ్చమ్మ ఆ వేసవిలోనే చనిపోయింది. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక, గుంటూరు నుంచి వచ్చిన మృదుల వాళ్లకూ ఆయనకూ మధ్య పలకరింపులు తగ్గాయి. అయినా ఆమె వెంటనే కిందికి వెళ్లింది.

ఆయన ప్రతి రికార్డింగునూ కంప్యూటర్లో ఊరి పేరున్న ఫోల్డర్లో ఉంచి, 'నాట్ల పాటలు', 'బావులు' అనే ఫోల్డర్లలో దానికి లింకులు పెట్టుకున్నాడు. ముందురోజే, ఇంగ్లిషులో ఉన్న ఊళ్ల పేర్లను తెలుగులోకి మార్చాడు. లింకులన్నీ తెగిపోయాయి.

"గొంతు ఎక్కడికీ పోలేదండీ. లింకు ఇంకా పాత పేరునే వెతుక్కుంటోంది," అంటూ ఫైలు తెరిచింది.

లచ్చమ్మ నవ్వుతూ మొదలుపెట్టింది: "మా బాయి పూడ్చి గా పెట్రోలు బంకు కట్టిన్రు..."

జనార్ధన్ మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె నాలుగు వరుసల ప్రోగ్రాము రాసి లింకులన్నీ సరిచేసింది.

"నీకు తెలుసు గనక చేసినవ్. నాలాంటోడు ఏం చెయ్యాలె? గా సిస్టం చేసినోళ్లకు చెప్పరాదు?"

అది వాలంటీర్లు తయారుచేసి ఉచితంగా పంచే ఆపరేటింగ్ సిస్టమ్. వాళ్లకు ఎవరైనా రాయవచ్చు. ఆయన చెబుతుంటే ఆమె ఇంగ్లిషులో రాసింది: పేరు మార్చినా లింకు తెగకూడదు. ఒకే ఫైలుకు రెండు పేర్లు తేలిగ్గా పెట్టుకునే వీలుండాలి. తెలుగు పేర్లు అక్షరక్రమంలో కనిపించాలి.

"లచ్చమ్మ ముచ్చట రాసినవా?"

"అవసరమంటారా?"

"ఎందుకడుగుతున్నమో వాళ్లకు తెల్వద్దా?"

రాసింది. కింద ఆయన పేరు పెట్టబోతే, "నీది గూడ పెట్టు. రాసింది నువ్వే గద," అన్నాడు.

పదిరోజులకు జవాబు వచ్చింది. అక్షరక్రమం వచ్చే విడుదలలో సరిచేస్తామన్నారు. లింకుల పని పెద్దది, ఇప్పుడు చేసేవాళ్లు లేరన్నారు. చివర ఒక ప్రశ్న ఉంది: ఆ పెద్దావిడ రికార్డింగు భద్రంగా ఉందా?

జనార్ధన్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"పైలమే ఉన్నదని రాయి."

జవాబు పంపాక కూడా మృదుల కుర్చీలోంచి లేవలేదు. "నాట్ల పాటలు వినిపిస్తారా అంకుల్? సగం మాటలు నాకు అర్థం కావేమో," అంది.

"కాకపోతే అడుగు, చెప్త," అని ఆయన ఇంకో కుర్చీని దగ్గరకు లాక్కున్నాడు.