ఇత్తడి చెంబు ఎవరిది

పొద్దున హిల్డా టీ కలుపుకునే వేళకి పక్కింటి కిస్టెన్ పెరటి కిటికీలోంచి ఏదో ఒకటి అందిస్తాడు. ఆ రోజు ఎర్ర గాజులు. హిల్డా దేన్ని పూర్తిగా మరిచిపోతే అది ఎక్కడ పోయిందైనా సరే, ఆమె పెరటి మట్టిలోంచి పైకి వస్తుందని రెడ్‌హిల్ పేటలో ఆ వీధివాళ్లందరికీ తెలుసు. ఆమె మొక్కలకి నీళ్లు పోసే కిస్టెన్ వాటిని కడిగి ఇస్తుంటాడు.

"కొత్తిమీరంతా పాడుచేశాయి ఆంటీ," అన్నాడు.

ఎవరి గాజులో హిల్డాకి తెలియలేదు. కిటికీ గట్టు మీద, పోయిన వారం వచ్చిన దువ్వెన పక్కన పెట్టింది.

దక్షిణాఫ్రికాలో రంగు చూడకుండా అందరూ తొలిసారి ఓటు వేసిన మరుసటి ఏడు అది. చర్చి ఆడవాళ్ల పత్రికకి ఆమె కథ రాస్తోంది. ఆ కథలో, తెల్లవాళ్ల ప్రభుత్వం కేటో మేనర్ పేటలో భారతీయుల ఇళ్లు ఖాళీ చేయించినప్పుడు ఒకామె పాతిన ఇత్తడి చెంబు పెరట్లోనే ఉండిపోతుంది. ముప్పై ఏళ్లకి అది ఇంకెవరికో దొరికితే ఎవరిదవుతుంది? కథ అక్కడ ఆగిపోయింది. డర్బన్‌లో లాయరుగా ఉన్న మేనల్లుడు లోగన్‌ని అడగడానికి బస్సెక్కింది.

లోగన్‌కి జోహానెస్‌బర్గ్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. వాటిలోంచే ఒకటి తీసి చదివి చెప్పాడు. ఎవరు దాచారో ఎవరికీ గుర్తులేనంత పాతదైతేనే దాన్ని నిధి అంటారట. అప్పుడు దొరికినవాళ్లకి సగం, నేల ఎవరిదో వాళ్లకి సగం.

"గుర్తున్న మనిషి ఒక్కరున్నా?"

"అయితే ట్రెజర్ కాదత్తా. దాచినామెదే."

"ఆమే మరిచిపోతే?"

"ఇది ఫలానా ఆమెదని ఎవరో ఒకరు చెప్పగలిగితే చాలు. నీ కథలో లాయరుకి ఫీజు ఎవరిస్తారు?"

హిల్డా నవ్వలేదు. ఆ చెంబు నిజానికి తనదేనని, అందులో ఏముందో చెప్పింది. హిల్డా తొలిబిడ్డ పురుడు చేసే పదకొండో రోజు రాకముందే, పేరైనా పెట్టకముందే పోయింది. పేరు పెట్టని బిడ్డ వస్తువులు ఇంట్లో ఉంచకూడదని అత్తగారు వెండి కడియాలు చెంబులో వేసి, బిడ్డకి నీళ్లు పోసిన చోటే పాతించింది. ఇల్లు ఖాళీ చేసిన రోజు తవ్వుకుంటామంటే పోలీసులు ఆగనివ్వలేదు. భర్త వాల్టర్ కూడా పోయాక ఆ బిడ్డ పుట్టిందని ఎరిగినది తనొక్కతే. అందుకే రోజూ మంచం దిగేముందు బిడ్డ ముఖం గుర్తు చేసుకుంటుంది. ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ.

"మరిచిపోతేగానీ అది నా దగ్గరికి రాదు. వచ్చాక అదేంటో నాకు గుర్తుండదు. నువ్వు గుర్తుపెట్టుకోరా."

"ఎడమ చెవి దగ్గర," అన్నాడు లోగన్ మెల్లగా.

మర్నాటి నుంచి హిల్డా గుర్తు చేసుకోవడం మానేసింది. కథ మాట కూడా ఎత్తలేదు.

లోగన్ సూట్‌కేసుతో వీడ్కోలు చెప్పడానికి వచ్చిన ఉదయం మొక్కజొన్న వరసలో మట్టి పగిలి ఉంది. కుళాయి దగ్గర కిస్టెన్ చింతపండుతో చెంబు తోముతున్నాడు. మెట్టు మీద హిల్డా అరచేతిలో రెండు కడియాలున్నాయి.

"ఎంత చిన్నవో చూడు లోగన్. ఎవరి బిడ్డవో, పాపం. ఆ తల్లి వెతుక్కుంటూ ఉంటుంది."

"ఆ తల్లివి నువ్వే అత్తా."

పక్కన కూర్చుని అంతా చెప్పాడు. పుట్టుమచ్చ మాట వచ్చేసరికి, బిడ్డ ఆ పొద్దునే పోయినట్టు ఏడ్చింది. చాలాసేపటికి కడియాలు చెంపకి ఆనించుకుని నెమ్మదించింది. అలాగే కునుకు తీసింది.

లేచి గుప్పిట తెరిచి చూసుకుంది.

"ఎవరి బిడ్డవో, పాపం," అంది.

లోగన్ లోపలికి వెళ్లి జోహానెస్‌బర్గ్‌కి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పాడు. అవతలివాళ్లు కారణం అడిగారు.

"ఇక్కడ ఒకరికి సాక్షిగా ఉండాలి," అన్నాడు.

తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఈసారి పుట్టుమచ్చ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.