అద్దం అక్కర్లేని పేరు

నేను ఒక ఉక్కు పలకను. విక్టోరియా రాణి రోజుల్లో, లండన్‌లో సైలస్ థ్వైట్ అనే ముసలాయన నా ఒంటి మీద ఒక పాత కోటను చెక్కాడు. సిరా పూసి కాగితం అదిమితే బొమ్మ తిరగబడి పడుతుంది కనక, నా మీద అంతా కుడిఎడమలు తారుమారుగా చెక్కాలి. కూతురు జూడిత్ అసలు చిత్రం ఎదుట అద్దం పట్టుకునేది. ఆయన అద్దంలో చూసుకుంటూ ఉలి నడిపేవాడు.

నలభై ఏళ్లుగా ఇంగ్లండు కోటలూ చర్చిలూ చెక్కుతున్నాడు. ఒక్క బొమ్మ కిందా ఆయన పేరు లేదు. ఈసారి ప్రచురణకర్త క్రోల్ దొర కనికరించాడు.

"నీ పేరూ చెక్కుకో. గురువారం వచ్చి చూస్తా. తప్పు దొర్లిందా, ఇదే ఆఖరి పని."

ముసలాయనకు చూపు మసకబారిందని జూడిత్‌కీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎలాగో కోట గండం గడిచింది. గురువారం పొద్దుటికి పేరొక్కటే మిగిలింది. జూడిత్ అద్దం తెచ్చింది.

"నా పేరుకి కూడా అద్దమెందుకమ్మా? అవతల పెట్టు."

ఉక్కు మీద గీత పడితే పడినట్టే. కుడివైపు తిరగేసి పడాల్సిన మొదటి అక్షరం ఎడమవైపు తిన్నగా పడగానే నాకు ప్రాణం పోయినంత పనైంది. అరుద్దామంటే నోరేదీ? ఆయన మాత్రం పెళ్లికొడుకులా మురిసిపోతూ చెక్కేశాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. తండ్రి పోయాక దుకాణం చేతికొచ్చిన క్రోల్ దొరకు పనిలో ఓనమాలు రావు. నన్ను కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు. జూడిత్ నడుముకు కట్టుకున్న గుడ్డను పిడికిట్లో నలిపేస్తోంది.

"భేష్! సైలస్ థ్వైట్ అని ఎంత చక్కగా చదవొస్తోందయ్యా!"

నా మీద తిన్నగా చదవొస్తే కాగితం మీద ఎలా పడుతుందో ముసలాయనకొకరు చెప్పాలా? నోరు మూసుకుంటే ఆ పూటకు గడిచిపోయేదే.

"అది తప్పు పడింది దొరగారూ. నాకు కళ్లు కనిపించడం లేదు."

అంతే, ఆయనకు మళ్లీ పని రాలేదు. అచ్చు వేసేటప్పుడు పేరున్న మూలకు కాగితం ముక్క అడ్డం పెట్టారు. వెయ్యి బొమ్మలు దేశమంతా వెళ్లాయి, పేరు లేకుండానే. నన్ను పారేయబోతుంటే జూడిత్ అడిగి తెచ్చుకుంది. ఒక బొమ్మకు ఫ్రేము కట్టించి, అట్టకు బదులు వెనక నన్ను బిగించింది.

ఇప్పుడు ఆ బొమ్మా నేనూ ఒక మ్యూజియం గోడకు వేలాడుతున్నాం. కింద చీటీ ఉంది: "చెక్కినవారు ఎవరో తెలియదు." జనం అది చదివి, అయ్యోపాపం అనుకుని ముందుకు పోతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ వెనక మేకులు ఊడదీసి చూడండయ్యా! లోకం మొత్తంలో ఆయన పేరు ఒక్కచోటే ఉంది. అదీ తిన్నగా, అద్దం అక్కర్లేకుండా.