ఆ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు

సింకులో ఒకే ఒక్క కప్పు ఉంది. నేను తాగిందే. ఈ దేశం వచ్చి ఏడాది కావస్తున్నా పొద్దున్నే ఆ కప్పుని చూస్తే నాకింకా చోద్యంగానే ఉంటుంది. కడిగి బోర్లిస్తే అయిపోయింది! ఇంకేమైనా మిగిలిందేమోనని చుట్టూ చూస్తాను. ఏమీ ఉండదు. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కిటికీ, మనిషిని నేనొక్కదాన్ని. నలభై రెండేళ్ళ ఆడదాన్ని, తోమడానికి గిన్నెలు లేవని గది మధ్యలో నిలబడి నోరెళ్ళబెట్టడమేమిటని నాకే నవ్వొస్తుంది.

ఆ రోజు ఆ కప్పు కడుగుతుండగానే మా ఆయన ఫోన్ చేశాడు.

"రేపటితో నీ ఏడాది అయిపోతుందిగా. టికెట్ చూడమంటావా?"

"వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారండీ."

"వాళ్ళలాగే అంటారు. సరదా తీరిందిగా, ఇక చాల్లే. ఇక్కడ ఇల్లు ఇల్లులా లేదు. సాయంత్రం మళ్ళీ చేస్తా, ఏ సంగతీ తేల్చి చెప్పెయ్."

సరదా అట! ఆయన కంపెనీ మూతపడినప్పుడు ఇది సరదా కాదు. పదిహేనేళ్ళు మా వీధి చివరి బడిలో ఇంగ్లీషు చెప్పిన నేను, ఎక్కడో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే సంస్థ వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడి ఈ ఉద్యోగం తెచ్చుకుంటే, ఆ రోజు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. "పరాయి దేశం వాళ్ళకి నువ్వు ఇంగ్లీషు నేర్పుతావా! వాళ్ళ కర్మ!" అని మా ఆయన స్నేహితుడి భుజం చరిచి నవ్వాడనుకోండి, అది వేరే సంగతి. మా అత్తగారు, "ఏడాదేగా, కళ్ళు మూసుకుంటే అయిపోతుంది, బెంగపెట్టుకోకు" అని ఓదార్చింది. నన్ను కాదు, కొడుకుని. ఇప్పుడాయనకి మళ్ళీ ఉద్యోగం దొరికింది. దాంతో నాది సరదా అయిపోయింది.

ఉండమని ప్రిన్సిపాల్‌గారు ఇచ్చిన కాగితం నాలుగు రోజులుగా నా సంచిలో ఉంది. ఆ సాయంత్రంలోగా సంతకం పెట్టి ఇవ్వకపోతే ఇంకొకరిని చూసుకుంటానని ఆవిడ మర్యాదగానే చెప్పింది. నాలుగు రోజుల్లో దాన్ని పదిసార్లు తీశాను, పదిసార్లు మడిచి లోపల పెట్టాను. మా మామగారికి పక్షవాతం. మాట లేదు. ఒళ్ళు తుడిచి పక్కకి తిప్పేటప్పుడు నా వేలు పట్టుకుని వదిలేవాడు కాదు. ఆ వేలు గుర్తొస్తే పెన్ను కదలదు.

మా బడి టైర్ల దుకాణం పైన మూడో అంతస్తులో ఉంటుంది. రబ్బరు వాసన మెట్లెక్కి మాతోపాటే లోపలికి వస్తుంది. నా క్లాసులో పదహారుమంది. ఒక లారీ డ్రైవర్, ఇద్దరు తాపీ పనివాళ్ళు, ఇంకో దేశం వెళ్ళాలని చూస్తున్న ఒక నర్సు, మనవడితో వాడి భాషలో మాట్లాడాలని వచ్చే ఒక ముసలావిడ, ఇలా. ఆవిడని నేను మనసులో బామ్మ అని పిలుచుకుంటాను. అందరూ పొద్దుటి డ్యూటీ దిగి, గోళ్ళలో మురికి అలాగే ఉండగా వచ్చి కూర్చుంటారు. నేను నోరు తెరవగానే గది మొత్తం నిశ్శబ్దమైపోతుంది. మొదటి రోజు అలా నిశ్శబ్దమైపోతే ఏదో తప్పు చేశానని గుండె గుభేలుమంది. మా ఇంట్లో నేను మాట్లాడుతుంటే టీవీ సౌండ్ పెంచుతారు మరి! నేను చెప్పేది వినడానికే మనుషులు ఊపిరి బిగబట్టారని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

ఆ బడిలో ఒక పద్ధతుంది. కొత్త పాఠం మొదలెట్టినప్పుడు టీచర్ నోరు విప్పకూడదు. చేసి చూపించాలి. వాళ్ళు చూసి, చూసినదాన్ని ఇంగ్లీషులో చెప్పి, బోర్డు మీద రాయాలి. ఆ రోజు పాఠం, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఒక మనిషి చేసే పనులు. దీనికి ఎనిమిది బొమ్మల అట్టలుంటాయి. ఒకాయన లేస్తాడు, పళ్ళు తోముకుంటాడు, కాఫీ తాగుతాడు, ఆఫీసుకెళ్తాడు, వస్తాడు, తింటాడు, టీవీ చూస్తాడు, పడుకుంటాడు. కాఫీ బల్ల మీద దానంతటదే ఉంటుంది. మహానుభావుడు! ఆ అట్టల్ని పక్క క్లాసు టీచర్ పట్టుకుపోయింది. సరే, ఆ మాత్రం నేను చెయ్యలేనా అనుకుని కుర్చీ వెనక్కి జరిపి నిలబడ్డాను.

లేచాను. అలారం మోగకముందే నొక్కేశాను, పక్కవాళ్ళ నిద్ర చెడకుండా. "లేచింది" అన్నారు ఎవరో. స్టవ్ వెలిగించాను. పాలు పెట్టాను. పాలు పొంగేలోగా కూరగాయలు తరిగాను, తరుగుతూనే గడియారం చూశాను, చూస్తూనే ఎవరో పిలిస్తే తల తిప్పి కళ్ళతోనే వస్తున్నానన్నాను. వాళ్ళు ఒక్కో మాటా అరుస్తున్నారు, నర్సు బోర్డు మీద రాస్తోంది. నాలుగు రకాల డబ్బాలు కట్టాను. ఒకటి ఉప్పు తక్కువ, ఒకటి కారం లేనిది. చొక్కా ఇస్త్రీ చేశాను. పోయిన తాళాలు వెతికి, ఆయన జేబులోంచే తీసి ఇచ్చాను. దానికి అందరూ పగలబడి నవ్వారు. నాకూ ఊపొచ్చింది. చేతులు వాటంతటవే వెళ్ళిపోతున్నాయి. ఇన్నేళ్ళూ "ఆడదానివి, చేతులూపకుండా మాట్లాడు" అనిపించుకున్న చేతులు!

తర్వాత బల్ల దగ్గరికెళ్ళాను. ఒక చెయ్యి మెడ కింద పెట్టాను, ఒక చెయ్యి నడుం కింద. మోకాలు బల్లకి ఆనించి, బరువంతా నా మీద వేసుకుని, మామగారిని మెల్లిగా పక్కకి తిప్పాను. అక్కడ ఎవరూ లేరు. బల్ల మీద సుద్దముక్కలున్నాయంతే. కానీ క్లాసులో చప్పుడు ఆగిపోయింది. గుడ్డ పిండి వీపు తుడుస్తుంటే లారీ డ్రైవర్ లేచి వచ్చాడు. ఆరడుగుల మనిషి. గబగబా వచ్చి బల్ల రెండో కొసన వంగి, ఆ లేని మనిషి కాళ్ళు రెండు చేతులతో పట్టుకున్నాడు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళు తిప్పాను ఆయన్ని. గుమ్మంలో నిలబడి, "అయిందా? నా టవలెక్కడ?" అని అడిగినవాళ్ళే గానీ, కాళ్ళు పట్టుకోవడానికి ఒక్కరూ రాలేదు. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాడు, నా భాష తెలియనివాడు, నా చేతులు చూసి బరువు ఎంతుందో తెలుసుకున్నాడు.

గంట కొట్టేసరికి ఆ నటనలో నేనింకా మా ఊరి బడి నుంచి ఇంటికొచ్చి, మా ఆడపడుచు పిల్లలకి చదువు చెప్తున్నాను. రాత్రి వంట ఇంకా మొదలవనేలేదు. బోర్డు నిండిపోయింది. చోటు లేక నర్సు తలుపు మీద కాగితాలు అంటించి రాస్తోంది. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. తర్వాత బామ్మ లేచి బోర్డు దగ్గరికొచ్చి, ఆ పనులన్నిటినీ నాలుగు గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడి పైనా ఒక ఆడమనిషి బొమ్మ గీసింది.

"వంటావిడ," అంది వేలుపెట్టి చూపిస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో. "ఈవిడ నర్సు. ఈవిడ బట్టలు, ఇల్లు. ఈవిడ టీచర్. చాలా మంచి ఇల్లు. నలుగురు పనిచేస్తారు."

"నలుగురు కాదు, ఒక్కరే," అన్నాను.

అంతా నవ్వేశారు. పాఠం అర్థమైందో లేదో చూడ్డానికి నేను కావాలనే తప్పు చెప్తున్నాననుకున్నారు. నర్సు మాత్రం ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు, "టీచర్, రోజుకి ఇరవై నాలుగు గంటలే," అంది. బామ్మకి ఇంకో అనుమానమొచ్చింది.

"వాళ్ళు నలుగురూ స్నేహంగా ఉంటారా?"

నేను బోర్డు వంక చూశాను. నలుగురూ వరసగా నిలబడి ఉన్నారు, సుద్ద మొహాలతో. అయ్య బాబోయ్, ఎంత పని! ఇంత పెద్దదా అది? పర్వతమంత పనిని, రోజూ, ఎవరూ చప్పట్లు కొట్టకుండా, "ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అనిపించుకుంటూ, ఆ నలుగురూ ఎత్తి దించారు. ఎవరో గొప్పవాళ్ళని చూసినట్టు ఒళ్ళు గగుర్పొడిచింది. నేనే అయ్యుండి నేనే దండం పెట్టాలనిపించింది.

"వాళ్ళింకా కలుసుకోలేదు," అన్నాను బామ్మతో. "తీరికలేక."

కాగితం తీసుకుని ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాను. మామగారి వేలు మళ్ళీ గుర్తొచ్చింది. చెయ్యి ఆగింది. అప్పుడు నాకు తట్టింది, ఆయనకో కొడుకున్నాడు. కొడుక్కి రెండు చేతులున్నాయి, నాకున్నట్టే. తొమ్మిదేళ్ళలో ఈ సంగతి నా బుర్రకి ఒక్కసారైనా ఎక్కలేదంటే ఏమనాలి! సంతకం పెట్టేశాను.

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"నేను రావట్లేదండీ," అన్నాను. "సంతకం పెట్టేశాను. రెండేళ్ళు."

అవతల్నుంచి ఒకటే అరుపులు.

"నన్నడక్కుండానా! ఇక్కడ మా పాట్లు నీకేమైనా తెలుసా? వంటమనిషి మానేసింది. నాన్నని చూసుకునే ఆవిడ నెలాఖరుకి వెళ్ళిపోతానంటోంది. బట్టలకీ ఇల్లూడవడానికీ పెట్టుకున్న ఆవిడ నాలుగు రోజులకోసారి వస్తోంది. చెల్లి పిల్లలకి చదువు చెప్పే ఆవిడకి పెళ్ళి కుదిరింది. అమ్మ మంచం దిగట్లేదు."

నేను వేళ్ళు మడుస్తున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మా ఇంటి గుమ్మమైనా చూడని బామ్మ సరిగ్గా గీసింది!

"వింటున్నావా? నువ్వు రాకపోతే ఇవన్నీ ఎవరు చేస్తారే?"

గోడకి ఆనుకుని నిలబడ్డాను. కోపం రాలేదు. దెప్పాలనీ అనిపించలేదు. నిజంగానే, ఆయన నోటితో వినాలనిపించి అడిగాను.

"ఇదివరకు ఎవరు చేసేవాళ్ళండీ?"