మసి పూసుకున్న చావు

స్పూను ఎత్తి పట్టుకుని, లాజరస్ టీవీ తెర మీద, మంచంలోని ముసలి కెవిన్ వాళ్ల తాత చావడం కోసం ఎదురుచూస్తున్నాడు.

నూరేళ్లు దాటిన మూగ సినిమా అది. ఆఫ్రికాలో ఇంగ్లీషువాళ్ల యుద్ధమని చెప్పి ఎక్కడో గొర్రెల మేతపొలంలో తీశారు. కెవిన్ వాళ్ల తాత ఒంటి నిండా బొగ్గుమసి పూసుకుని నల్లవాడి వేషం కట్టాడు. తుపాకీ పేలగానే గడ్డిలో పడతాడు. కాసేపటికి, కెమెరా ఇంకా తిరుగుతోందా అని తల ఎత్తి చూస్తాడు. అది చూసి కెవిన్ నోరంతా తెరిచి నవ్వుతాడు. సరిగ్గా ఆ సందులోనే మెత్తగా మెదిపిన బంగాళాదుంప లోపలికి పోవాలి. చావుకో ముద్ద.

ఐర్లండులో ములింగార్ అనే ఊళ్లోని ఈ వృద్ధాశ్రమంలో ఆ కిటుకు తెలిసింది లాజరస్ ఒక్కడికే. అదే అతని కొంప ముంచింది.

మధ్యాహ్నం పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. ఆ ఉద్యోగం దొరికితే ఈ ఆశ్రమానికి కట్టేసిన వర్క్ పర్మిట్టు ముడి తెగుతుంది. లేదంటే ఈ గోడల మధ్యే ముసలివాళ్లని ఎత్తుతూ, తుడుస్తూ పడుండాలి. తీసుకెళతానన్న స్నేహితుడు జాన్ బాబు బయట కారులో కూర్చున్నాడు.

"ఇంక వెళ్లనా అక్కా?"

నర్సు సంతోషకుమారి తలుపు దగ్గరే ఆగింది. "గిన్నె ఖాళీ చేసి వెళ్లు. నువ్వు పెడితే తప్ప ముట్టడు. పస్తుంటే నన్నడుగుతారు."

"నా చేతికేమైనా తేనె రాసుందా?"

"రాసుంటే మాత్రం నాకు చెబుతావా?"

కెవిన్ లాజరస్ మణికట్టు పట్టుకున్నాడు. ఎండు చింతకాయల్లాంటి వేళ్లు, ఉడుంపట్టు.

"మా తాత సినిమావాళ్లిచ్చే బీరు కోసం చచ్చాడోయ్. మసి వదలడానికి వారం పట్టిందట."

"ఆయనకి వదిలింది కదండీ."

"గ్రాండ్. ఇంకొక్కసారి చంపు."

లాజరస్ సినిమా మళ్లీ పెట్టాడు. తాత పడ్డాడు. తల ఎత్తాడు. కెవిన్ నోరు సగమే తెరుచుకుంది, నవ్వు రాలేదు. ముద్ద నాలుక మీదే ఉండిపోయింది. సరిగ్గా చూడలేదేమో అనుకుని లాజరస్ ఇంకోసారి చంపాడు. తాత పడి, తల ఎత్తాడు. మణికట్టు మీద పట్టు జారిపోయింది. లాజరస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ లేవలేదు.

"సార్" అన్నాడు మెల్లగా. బయట హారన్ మోగింది.

సంతోషకుమారి వచ్చి మెడ దగ్గర నాడి చూసింది. "డాక్టరు వచ్చేదాకా కదలకు. ఆఖరున పక్కనున్నది నువ్వే" అంది, అతని ముఖంలోకి చూడకుండా.

డాక్టరు ఎప్పటికో గాని రాలేదు. జాన్ బాబు కారు ఇంజను ఆపేశాడు.

సాయంత్రం శవపెట్టెవాళ్లు కెవిన్‌ని తీసుకెళ్లారు. పక్కబట్టలు తీసేసి, గది తుడిచేశారు. కిటికీ అంచున గాజుగ్లాసులో, నీళ్ల అడుగున, ఆయన కట్టుడుపళ్లు ఉండిపోయాయి.