ఎక్కిన చోటే దిగిన నలభై ముగ్గురు

"నిన్న పదకొండు గంటలసేపు గేట్ల లోపల ఏం చేశావు?" అని అడిగాడు చెకింగ్ బాబు.

"నువ్వు నిలబడ్డ నేల తుడిచానయ్యా," అంది పెద్దక్క.

పొద్దున ఎనిమిదిన్నర. రెండో నంబరు ప్లాట్‌ఫారం. నా చేతిలో కూరగాయల సంచి, ఆవిడ చేతిలో మాపు కర్ర. ఆ స్టేషన్లో ఇరవై రెండేళ్ళుగా నేల తుడుస్తున్న మనిషి. అసలు పేరు కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో కూడా తప్పుగానే ఉందట. స్టేషనంతా పెద్దక్క అనే పిలుస్తుంది, ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళతో సహా.

చెకింగ్ బాబు ఆవిడ మెడలో వేలాడే స్మార్ట్‌కార్డుని తన చేతి మిషన్‌కి ఆనించి, తెర మీద పడ్డదంతా నలుగురికీ వినపడేట్టు చదివాడు.

"నిన్న పొద్దున అయిదున్నరకి మీ ఊరి స్టేషన్లో లోపలికి. సాయంత్రం నాలుగున్నరకి అదే స్టేషన్లో బయటికి. మొన్నా అంతే, నెలంతా అంతే. ఎక్కిన చోటే దిగుతున్నావు. మధ్యలో ఎక్కడా బయటికి పోలేదు. స్టాఫ్ రాయితీ కార్డు ఇచ్చింది రోజంతా ఏసీ రైల్లో షికార్లు కొట్టడానికా?"

వాళ్ళిద్దరి మధ్యా నేల మీద ఎవరో ప్రయాణికుడు కక్కిన కక్కు ఉంది. పెద్దక్క సగం తుడిచింది. మిగతా సగం చెకింగ్ బాబు బూటుకి బెత్తెడు దూరంలో ఉంది. అతను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మరీ షికారు గురించి మాట్లాడాడు.

కాలేజీకి పోయే పిల్లలూ, షిఫ్టుకి పోయే అక్కలూ అన్నలూ, ఈ కార్డు సంగతి మీకు చెప్పాలి. పర్మనెంటు ఉద్యోగికి రైల్లో రాయితీ ఉంది. అతని పెళ్ళానికీ ఉంది. నా మొగుడు పాసుల సెక్షన్లో గుమాస్తా కాబట్టి నా దగ్గరా ఒకటుంది. ఆ స్టేషన్లో నేను జానెడు నేల కూడా తుడిచిన పాపాన పోలేదు. ఆయన్ని పెళ్ళి చేసుకోవడం తప్ప రైళ్ళకి నేను చేసిన సేవ లేదు. అదీ తేలిక సేవ కాదనుకోండి, అది వేరే కథ.

తుడిచేవాళ్ళకి మాత్రం రాయితీ లేదు. వాళ్ళు కాంట్రాక్టరు మనుషులట. రెండేళ్ళు అర్జీల మీద అర్జీలు పెడితే, కిందటి నెల దయ కలిగింది. పాసుల ఆఫీసరు ఈ స్టేషన్ వాళ్ళని నలభై ముగ్గురినీ వరసగా నిలబెట్టి, మెడలో కార్డులు వేసి, ఫోటో దిగాడు. ఫోటోలో మాపులు కనపడకూడదని ముందే పక్కన పెట్టించారు.

కార్డుని గేటుకి ఆనిస్తే లోపలికి, మళ్ళీ ఆనిస్తే బయటికి. మీకూ నాకూ అంతే. వాళ్ళకి అలా కుదరదు. మాపుల గది ప్లాట్‌ఫారం చివర, మెట్ల కింద ఉంది. రైలు ఏడింటికి అయిదు నిమిషాల ముందు దిగుతుంది. ఏడు కొట్టేసరికి ఆ గది ముందు కాంట్రాక్టరు సూపర్వైజరు విజిల్ వేసి హాజరు తీసుకుంటాడు. అందుకే అతని పేరు విజిల్ బాబు. గేటు రెండు మెట్లవరసల పైన ఉంది. పైకెళ్ళి కార్డు ఆనించి, బయటికి పోయి, మళ్ళీ ఆనించి కిందికొస్తే ఆ పూట హాజరు గల్లంతు. అందుకని వాళ్ళు రైలు దిగుతారు, తుడుస్తారు, రైలెక్కుతారు. ఈ స్టేషన్ గేటు మొహం చూడరు. కాబట్టి మిషన్ లెక్కలో వాళ్ళు ఇక్కడికి రానే లేదు. తళతళలాడే ఆ నేల దానంతటదే తళతళలాడుతోంది.

ఆ మధ్యాహ్నం మా ఆయన భోజనానికొచ్చి, కంచం ముందు కూర్చుని, కొత్త ఆర్డరు చెప్పాడు. "దుర్వినియోగం" చేసిన నలభై మూడు కార్డులకీ సోమవారం పొద్దున ఆరింటికి తాళం పడుతుంది. ఈలోగా తప్పు ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళకి కార్డు ఉంటుంది. పెట్టనివాళ్ళకి కార్డూ ఉండదు, పనీ ఉండదు.

"వాళ్ళు రోజంతా ఎక్కడుంటారో మీకు తెలీదూ?" అన్నాను.

"నాకు తెలుసు. మిషన్‌కి తెలీదు."

"మరి మిషన్‌కి ఎవరు చెప్తారు?"

"అది మా సెక్షన్ కాదే."

"అన్నం వడ్డించడం కూడా నా సెక్షన్ కాదు ఇవాళ," అని లేచాను. ఆయన బ్యాగులోంచి రూల్సు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ ఆఫీసుకెళ్ళేటప్పుడు దాన్ని అక్కడే మరిచిపోయాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన ఏదైనా మరిచిపోవడం నేను చూడలేదు.

మర్నాడు వాళ్ళ టీ వేళకి నేను మాపుల గదికి వెళ్ళాను. తడి మాపులు జుట్టు విరబోసుకున్నట్టు గోడకి వేలాడుతున్నాయి. ఫినాయిలు ఘాటుకి కళ్ళు మండాయి. ఇరవై మంది లోపల, మిగతావాళ్ళు గుమ్మం బయట.

"సంతకమే కదా. పెడితే చెయ్యి అరిగిపోతుందా?" అంటున్నాడు అద్దాలాయన. స్టేషన్ అద్దాలన్నీ అతనివే, అంటే తుడవడం వరకు. "నాకిద్దరు పిల్లలు. కార్డు లేకపోతే అంత దూరం నించి నడిచి రానా?"

"నెలంతా నేను షికారు కొట్టింది ఆడవాళ్ళ మరుగుదొడ్లో," అంది చేతులు పాసిపోయిన ఒకావిడ. "ఆఫీసరుగారిని కూడా ఒక్కపూట తీసుకెళ్తా. పాపం, గాలి మార్పు ఉంటుంది."

అందరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక అందరూ పెద్దక్క వైపు చూశారు.

"ఈ పని పోతే ఈ వయసులో నాకు ఇంకో పని ఎవడిస్తాడు?" అంది పెద్దక్క నెమ్మదిగా. "నాకూ భయమే. తుడిచానని రాసివ్వమంటే నలభై చోట్ల సంతకం పెడతా. తుడవలేదని మాత్రం పెట్టను. ఇరవై రెండేళ్ళు నేనిక్కడ లేనని నా చేత్తో నేనే రాసుకోవాలా? థూ!"

"నీకేం పెద్దక్కా, నువ్వు మాట్లాడతావు," అన్నాడు అద్దాలాయన, తల దించుకుని.

నేను ఆయన మరిచిపోయిన పుస్తకం తెరిచి, కార్డుల రూలు చదివాను. "ప్రయాణం ముగిసిన ప్రతి కార్డుదారు గేటు వద్ద కార్డు ఆనించి బయటకు వెళ్ళవలెను. గేటు తెరుచుకొననిచో, అధికారి వచ్చి సరిచేయువరకు అక్కడనే వేచియుండవలెను."

"ఆ చివరిది మళ్ళీ చదువమ్మా," అంది పెద్దక్క.

చదివాను.

"అంటే నిలబడమనే కదా?"

"అవును."

"ఎంతసేపు?"

"రాయలేదు."

"పోనీ కూర్చోమన్నా కష్టంగానీ," అంది పెద్దక్క, "నిలబడ్డం మనకి కొత్తా?"

గదిలో గుసగుస మొదలైంది. సోమవారం ఆరింటికి తాళం. వాళ్ళు అయిదున్నరకే రైలెక్కేస్తారు. లోపలికి రావడానికి గేటు తెరుచుకుంటుంది, బయటికి పోవడానికి తెరుచుకోదు. ఆర్డరు రాసిన ఆఫీసరు పదింటికి తప్ప స్టేషన్ మొహం చూడనివాడు కాబట్టి అతనికిది తట్టలేదు. మరుగుదొడ్ల ఆవిడకి వెంటనే తట్టింది.

సోమవారం ఏడింటికి విజిల్ మోగింది. మాపుల గదిలోకి అందరూ వెళ్ళారు. మాపులూ బకెట్లూ పట్టుకుని బయటికొచ్చారు. విజిల్ బాబు పుస్తకం తెరిచేలోగా వరసగా మెట్లెక్కేశారు.

"ఏయ్! ఎక్కడికి?"

"బయటికి వెళ్ళలేదన్నారు కదా బాబూ, వెళ్తున్నాం."

పైన అయిదు గేట్లు. అయిదు వరసలు. పెద్దక్క కార్డు ఆనించింది. ఎర్ర దీపం. ఆవిడ కదల్లేదు. పక్క గేటు, ఎర్ర దీపం. ఆ పక్కదీ అంతే. ప్రయాణం ముగిసిన కార్డుదారుని అనిపించుకోవడానికి నేను ఒక రైలెక్కి పక్క స్టేషన్ దాకా వెళ్ళి తిరిగొచ్చి, పెద్దక్క వరసలో చివర నిలబడ్డాను. ఎనిమిదిన్నరయ్యేసరికి ఆఫీసు జనం నాలుగు రైళ్ళ నిండా దిగి మా వెనక గోడకట్టారు.

"అడ్డం తప్పుకోండి! మా ఆఫీసుకి లేటవుతోంది!"

"మా ఆఫీసు మీ కాళ్ళ కిందే ఉందయ్యా, మాకూ లేటవుతోంది," అంది మరుగుదొడ్ల ఆవిడ.

"మేడం, మీది ఫ్యామిలీ కార్డు, మీకు తెరుచుకుంటుంది, ఇటు రండి," అని గేటు ఉద్యోగి నన్ను పిలిచాడు.

"ముందున్నావిడ వెళ్ళాక," అన్నాను.

సంచులు తగిలించుకున్న కాలేజీ పిల్లలు ఏమిటని అడిగారు. రూలు చదివి వినిపించాను. ఒక పిల్ల పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, బెంచీ ఎక్కి, పరీక్షకి చదివినట్టు గట్టిగా చదివింది. తిట్టినవాళ్ళలో కొందరు నోరు మూశారు. కొందరు ఇంకా తిట్టారు, కాకపోతే ఈసారి పైవాళ్ళని.

కింద ప్లాట్‌ఫారం తన అసలు రూపం చూపించడం మొదలెట్టింది. ఎవరో పారబోసిన టీ, దాని మీద అరటి తొక్క, ఉమ్మి, మళ్ళీ ఒక కక్కు. మరుగుదొడ్లోంచి నీళ్ళు గుమ్మం దాటి పాకుతున్నాయి. ఆ రోజు తొమ్మిదింటికే పరిగెత్తుకొచ్చిన పాసుల ఆఫీసరు రెండు చేతులతో ప్యాంటు పైకి పట్టుకుని, రుమాలు ముక్కుకి అదుముకుని, మునివేళ్ళ మీద వచ్చాడు.

"ముందు ఆ కంపు ఎవరైనా తుడవండి!"

"షికారులో ఉన్నాం సార్," అంది పెద్దక్క.

నాలుగు రైళ్ళ జనం ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుందో ఆయన ఆ రోజే విన్నాడు. మొహం మాడిపోయింది. అప్పుడే అయిదో వరస మొదట్లో అద్దాలాయన కనపడ్డాడు. కార్డు పట్టుకుని ఉన్నాడు, ఆనించడం లేదు.

"నువ్వు సంతకం పెట్టావు కదా! నీ గేటు తెరుచుకుంటుంది, పో!"

"పెట్టాను సార్. నేను తప్పు చేసేవాణ్ణని మీరే రాయించుకున్నారు." అద్దాలాయన కార్డు చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది రెండోది రాసుకోండి."

పోలీసులు వచ్చారు. లీడరెవరని అడిగితే ఎవరూ పలకలేదు. ఆఫీసరు జాబితాలో మొదటి పేరు చూపించాడు. ఇద్దరు ఆడపోలీసులు పెద్దక్క రెక్కలు పట్టుకున్నారు. బకెట్ బోర్లాపడి నీళ్ళు అందరి కాళ్ళ కిందకీ పారాయి. ఆవిడ వెనక్కి తిరిగి, "లైను కదలనివ్వకండి," అంది. అంతే. ఈడ్చుకుపోయారు. ఆవిడ నిలబడ్డ చోట రెండు క్షణాలు ఖాళీగా ఉంది. తరవాత అద్దాలాయన తన వరస వదిలి వచ్చి అక్కడ నిలబడ్డాడు.

పదకొండింటికి కాంట్రాక్టరు వేరే స్టేషన్ నించి పదహారు మంది తుడిచేవాళ్ళని రైల్లో దింపాడు. వాళ్ళ మెడల్లోనూ కిందటి నెల పంచిన అవే కార్డులు. వాళ్ళూ రోజూ ఎక్కిన చోటే దిగేవాళ్ళు. కింద విజిల్ బాబు వాళ్ళకి మాపులిచ్చి, ముందు మరుగుదొడ్లు చూడమన్నాడు. వాళ్ళు నేల వైపు చూశారు. మెట్ల పైకి చూశారు. బెంచీ మీది పిల్ల ఇంకా చదువుతూనే ఉంది, గొంతు బొంగురుపోయింది.

విజిల్ మోగింది. మళ్ళీ మోగింది. పదహారు మందీ మాపులు భుజాన వేసుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు మెట్లెక్కడం మొదలెట్టారు. ముందు నడుస్తున్న బక్కపల్చటి మనిషి పైకొచ్చి, ఆయాసం తీర్చుకుని, అద్దాలాయన్ని అడిగింది.

"అన్నా, మేం ఏ లైన్లో నిలబడాలి?"